బోరున్న ఇంట్లో కారు ఆయిల్ మార్చడం

కారు ఇంజను ఆయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా అని ఎవరైనా అడిగితే నేను ముందుగా ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: తీసిన పాత ఆయిల్‌ను ఎక్కడికి చేర్చబోతున్నారు? దానికి సూటిగా జవాబు చెప్పగలిగినవారు నిస్సంకోచంగా మార్చుకోవచ్చు. జవాబు లేనివారు, పానా పట్టడంలో ఎంత నేర్పరులైనా, ఆ పనిని షెడ్డుకు వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. చుక్క జారకుండా ఆయిల్ మార్చడం అనే విషయాన్ని చాలామంది బట్టలూ చేతులూ ముంగిలీ పాడవకుండా చూసుకునే చిట్కాల వ్యవహారంగా మాట్లాడుకుంటారు. నా దృష్టిలో అది చిట్కాల వ్యవహారం కాదు, అర్హత వ్యవహారం. పాత ఆయిల్‌ను నేలపాలు కానివ్వకుండా పట్టి, అందవలసిన చోటికి అందించగలిగిన మనిషికే ఇంజను కింద ఆయిల్ దించే ఆ డ్రైన్ బోల్టు విప్పే హక్కు ఉంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నేనుంటున్న ఊరు. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా తక్కువ వాన పడే ప్రాంతం అనంతపురం; ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడితే అది మామూలు సంవత్సరం కింద లెక్క. ఇక్కడి భూగర్భజలంలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉండటం వల్లనే 1990లలో జిల్లాలోని వందల గ్రామాలకు సత్యసాయి తాగునీటి పథకం అవసరమైంది. అటువంటి ఊళ్లో కాస్త స్థలమున్న ప్రతి ఇంటికీ ఒక బోరు, ఆ బోరు ఎండిపోకుండా పక్కనే ఒక ఇంకుడు గుంత ఉంటాయి. మా ముంగిట్లో పరిచిన నాపరాళ్ల వాలు కూడా ఆ గుంతవైపే ఉంది. మేస్త్రీ చేత కోరి అలా వేయించుకున్నాం, పడిన ప్రతి చినుకూ గుంతలోకి చేరాలని. కారు నిలిపేది కూడా ఆ నాపరాళ్ల మీదే. ఈ అమరికను ఒక్కసారి మనసులో చిత్రించుకుంటే విషయం అర్థమవుతుంది. మామూలు నేల మీద ఆయిల్ పడితే కనీసం పైమట్టి దాన్ని కొంత పట్టి ఉంచుతుంది. నాపరాయి మీద పడి, తర్వాతి వానకు కొట్టుకుపోయి ఇంకుడు గుంతలో పడిన ఆయిల్‌కు ఆ అడ్డు కూడా ఉండదు. కంకర, ఇసుక పొరల గుండా నీటిని త్వరగా కిందికి పంపడానికే ఆ గుంతను తవ్వుకున్నాం కాబట్టి, ఆయిల్‌కు కూడా మనమే దారి వేసి పెట్టినట్టవుతుంది.

గుంతలోకి పోకుండా కాలువలోకి పోతే మాత్రం ఏం మేలు? మా వీధి కాలువలు చివరికి వంకల్లో కలుస్తాయి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు, అంతకాలం కాలువల్లో మనం వదిలినదంతా నీళ్లతోపాటు ఇళ్లలోకే తిరిగివచ్చింది. పారబోసినది ఎక్కడికో పోతుందన్న నమ్మకం ఆ వారం చాలామందికి పోయింది, నాకు కూడా.

వాడిన ఇంజను ఆయిల్ కొత్త ఆయిల్ లాంటిది కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి. వేల కిలోమీటర్ల పాటు మంట పక్కన తిరిగిన ఆ ద్రవంలో మసి, అరిగిన లోహపు రజను, కాలని పెట్రోలు, ఇంధనం మండినప్పుడు పుట్టే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లనే హానికర రసాయనాలు చేరి ఉంటాయి. వాడిన ఆయిల్‌ను ఎలుకల చర్మానికి దీర్ఘకాలం పూసిన పరీక్షల్లో క్యాన్సర్ వచ్చినట్టు తేలింది. అందుకే డబ్బాల మీద చర్మానికి తగలనివ్వవద్దని రాస్తారు. ఒక్క కారుకు ఒక్కసారి మార్చగా వచ్చిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల, అంటే సుమారు 38 లక్షల లీటర్ల, మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తుంది. చిన్న పెట్రోలు కారులోంచి దిగేది మూడు లీటర్ల చిల్లర మాత్రమే. ఆ కొంచెమే అంత చేటు చేస్తుంది.

అయినా మా ప్రాంతంలో పాత ఆయిల్‌ను వ్యర్థంగా చూసేవారు తక్కువ. దానికి ఎన్నో వాడకాలున్నాయి. శ్లాబు వేసేముందు సెంట్రింగ్ పలకలకు పూస్తారు, కంచె గుంజల మొదళ్లకు రాస్తారు, దుమ్ము లేవకుండా షెడ్డు ముందర చల్లుతారు. నేను మొదటిసారి ఆయిల్ తీసి డబ్బాలో పోస్తుంటే ఎదురింటి పెద్దాయన గేటు దగ్గరికి వచ్చి, "సార్, అది పారబోసేటట్లుంటే నాకు ఈయండి, పాత వాసాలకు చెదులు పట్టినాది" అని అడిగాడు. వయసులో పెద్దవాడు, నోరు తెరిచి అడిగిన వస్తువు లేదనడం కష్టం. కాని ఆ వాసాలున్నది గొడ్ల కొట్టంలో. గొడ్లు వాటిని రుద్దుకుంటాయి, నాకుతాయి. "వద్దు పెద్దాయనా, ఇది విషం లాంటిది, చెదల మందు నేను తెచ్చిస్తా" అన్నాను, తెచ్చి ఇచ్చాను కూడా. వస్తువును వృథా చేయకూడదనే మన పెద్దల సంస్కారం ఎంతో విలువైనదే, కాని పాత ఆయిల్ విషయంలో ఆ సంస్కారాన్ని నిలబెట్టే దారి వేరే ఉంది. ఇంజను ఆయిల్‌లో మూలమైన నూనె అరిగిపోదు; అందులో కలిపిన రసాయనాల సత్తువ తగ్గి, మలినాలు చేరి, పనికిరాకుండా పోతుంది అంతే. దాన్ని శుద్ధి కర్మాగారంలో మళ్లీ శుద్ధి చేస్తే తిరిగి మూల నూనె వస్తుంది. వాసానికి పూసిన ఆయిల్ ఎన్నటికీ తిరిగిరాదు.

ఇంత బాధ్యత మెడకు చుట్టుకోవడం ఎందుకు, షెడ్డుకే పోవచ్చు కదా అని అడగవచ్చు. నా కారణం డబ్బు కాదు. మిగిలేది పెద్ద మొత్తమేమీ కాదు. ఒక సర్వీసు సెంటర్‌లో ఫిల్టర్ మార్చినట్టు బిల్లులో రాసి, మార్చకుండా వదిలేసిన అనుభవం నాకుంది. దుమ్ము పట్టిన అదే పాత ఫిల్టర్, దాని మీద అంతకుముందు నేను సుద్దతో పెట్టిన గీతతో సహా, అక్కడే ఉంది. మన కారులో ఏ ఆయిల్ పడుతోంది, ఎంత పడుతోంది, దిగిన ఆయిల్ రంగు ఎలా ఉంది, బోల్టుకు లోహపు తునకలు అంటుకున్నాయా అన్నది స్వయంగా చూసుకోవడంలో ఉన్న నిశ్చింత వేరు. పైగా ఎండల ఊరు కదా చిక్కటి ఆయిల్ పోయాలి అని కారు పుస్తకాన్ని పక్కనపెట్టి 20డబ్ల్యూ-50 గ్రేడు పోసేవారి చేతుల్లోంచి, 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి పలుచని గ్రేడుకు తయారైన ఇంజనును కాపాడుకోవచ్చు. బయట ఎండ ఎంతున్నా ఇంజను లోపలి వేడిని థర్మోస్టాట్ అదుపు చేస్తుందనీ, ఆయిల్ దారులు ఎంత సన్నగా ఉండాలో కట్టినవారికే తెలుసనీ ఎంత చెప్పినా కొందరు వినరు.

ఇక పని సంగతి. ముంగిలి పాడయ్యేదీ పాడవనిదీ బోల్టు విప్పకముందే తేలిపోతుంది. మొట్టమొదట చూసుకోవలసింది గాలి. మా ఊరి ఆషాఢపు గాలి ఎలాంటిదో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఛాంబర్ నుంచి, అంటే ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి నుంచి, ఆయిల్ లావు ధారగా పడుతున్నంతసేపు గాలి దాన్ని ఏమీ చేయలేదు. చివర్లో ధార దారంలా సన్నబడ్డాక కారు కింద నుంచి వీచే గాలి దాన్ని పక్కకు వంచి, ఆయిల్ పట్టడానికి కింద పెట్టిన టబ్బు అవతల పడేస్తుంది, మనం ఆ సమయానికి ఫిల్టర్ వైపు చూస్తూ ఉంటాం. అందుకే పని తెల్లవారుజామున పెట్టుకోవాలి, లేకపోతే గాలి వచ్చే వైపున చక్రాల దగ్గర ఒక పాత అట్టపెట్టెను విప్పి అడ్డంగా నిలబెట్టాలి.

రెండోది కింద పరిచేది. దీనికి పాత ఫ్లెక్సీని మించినది లేదు. పుట్టినరోజులకూ పండుగలకూ కట్టి వదిలేసిన ఫ్లెక్సీలకు మా ఊళ్లో కొరత లేదు, వాటిలోంచి ఆయిల్ కిందికి దిగదు. అంచుల కింద చుట్టూ పాత చీరనో గోనెసంచినో మడిచి పెడితే చిన్న కట్టలా లేస్తుంది, ఒలికినా బయటికి పారదు. ఫ్లెక్సీ మీద విప్పదీసిన అట్టపెట్టె, దాని మీద పలుచగా శనక్కాయల పొట్టు. రంపపు పొట్టు వాడమని అందరూ చెబుతారు, అదీ మంచిదే. కాని శనక్కాయల మిల్లులున్న ఊళ్లో సంచి పొట్టు దొరకడం ఎంత తేలికో వేరే చెప్పాలా. వార్తాపత్రికలను మాత్రం నేను వాడను, అవి చుక్కను పీల్చుకోకముందే అక్కడి నుంచి జారనిస్తాయి, గాలికి లేస్తాయి.

కారు కిందికి దూరడం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పి ముందుకు పోతాను: జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి తల పెట్టకూడదు. ఇటుకలు, నాపరాయి ముక్కలు పేర్చి వాటి మీదికి చక్రం ఎక్కించడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే రాయి చెప్పి పగలదు. ఇనుప ర్యాంపులైనా జాకీ స్టాండులైనా కొనుక్కోవాలి, వెనక చక్రాలకు దిమ్మెలు పెట్టాలి, హ్యాండ్‌బ్రేకు వేయాలి. కొన్ని కార్లలో నేల మీద ఉండగానే చేయి చాచితే డ్రైన్ బోల్టు అందుతుంది. అలాంటి కారు ఉన్నవారు ఎత్తనే ఎత్తవద్దు.

ఆయిల్ గోరువెచ్చగా ఉండాలి. చల్లని ఆయిల్ నిదానంగా దిగుతుంది, హైవే మీద నుంచి అప్పుడే వచ్చిన కారులోని ఆయిల్ చర్మాన్ని కాలుస్తుంది. వేసవిలో మా దగ్గర రెండు మూడు నిమిషాలు ఇంజను నడిపితే చాలు. చలికాలంలో వీధి చుట్టూ ఒకసారి తిరిగివచ్చి, అరగంట ఆగి, ఛాంబర్‌కు చేయి ఆనించగలుగుతున్నామా లేదా చూసుకుని మొదలుపెట్టాలి.

అసలైన ఘట్టం బోల్టు విప్పడం. బోల్టుకు సరిగ్గా సరిపోయే రింగు పానాయో సాకెట్టో కావాలి. చాలా చిన్న కార్లకు 14 లేదా 17 సైజు సరిపోతుంది. నోరు తెరిచిన పానా, సర్దుబాటు పానా బోల్టు తలను గుండ్రం చేసి వదులుతాయి. మొదటి పట్టు విడిచేవరకే పానా, ఆ తర్వాతంతా వేళ్లతోనే. ఇక్కడ చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. బోల్టును వదులు చేస్తూనే దాన్ని లోపలికి నొక్కి పట్టి తిప్పాలి. మరలు అన్నీ విడిచిపోయినా నొక్కిపెట్టిన బోల్టు రంధ్రాన్ని మూసే ఉంచుతుంది, మహా అయితే అంచు వెంట ఒకటి రెండు చుక్కలు దిగుతాయి. చివరి మర విడిచిందని వేళ్లకు తెలుస్తుంది; బోల్టు ఒక్కసారిగా తేలిక అవుతుంది. అప్పుడు దాన్ని ధారకు అడ్డంగా కాకుండా పక్కకు, ఒక్క కదలికలో లాగేయాలి. నిదానంగా లాగితే ధార బోల్టు తలకు తగిలి విసనకర్రలా విచ్చుకుంటుంది, ముంగిలి పాడయ్యేది సరిగ్గా ఆ అరక్షణంలోనే.

బోల్టు పక్కకు తిరిగి ఉండే ఛాంబర్లలో మొదటి ధార నేరుగా కిందికి పడదు. లోపల ఆయిల్ ఎత్తు ఎక్కువగా ఉన్నప్పుడు ఒత్తిడితో ముందుకు విరజిమ్ముతుంది, మట్టం తగ్గేకొద్దీ ధార వెనక్కి వచ్చి చివరికి రంధ్రం కిందనే నిటారుగా పడుతుంది. టబ్బును రంధ్రానికి సరిగ్గా కింద పెట్టినవారి మొదటి పావులీటరు నేల మీద పడేది అందుకే. వెడల్పాటి టబ్బు తీసుకుని, ధార దూకే వైపుకు దాని మూడు వంతులు ఉండేలా పెడితే మళ్లీ జరపనవసరం లేదు. టబ్బు పట్టే కొలత కారులో ఉండే ఆయిల్‌కు రెండింతలైనా ఉండాలి, అంచు దాకా నిండిన టబ్బును ఎవరూ ఒలకకుండా జరపలేరు. టబ్బు మీద ఒక పాత జల్లెడ పెడితే చేయి జారిన బోల్టు ఆయిల్ అడుగుకు పోదు. చేతులకు నైట్రైల్ గ్లవుజులు తప్పనిసరి. మణికట్టు దగ్గర ఒక పాత గుడ్డను కట్టుకోవడం కూడా అంతే అవసరం, ఎందుకంటే పైకెత్తిన చేతి వెంట జారిన ఆయిల్ మోచేతి దాకా పోయి అక్కడి నుంచి చొక్కాలోకి దిగుతుంది.

ఫిల్టర్ దగ్గర ఓపిక కావాలి. డబ్బాలా ఉండే తిప్పుడు ఫిల్టర్‌లో కప్పు ఆయిల్ నిలిచి ఉంటుంది. వదులు చేయగానే అది ఫిల్టర్ ఒంటి మీదుగా, అక్కడి నుంచి ఇంజను దిమ్మె మీదుగా, కొన్ని కార్లలో సైలెన్సర్ గొట్టం మీదుగా కారుతుంది. గొట్టం మీద పడిన ఆయిల్ మరుసటి ప్రయాణంలో పొగలు కక్కి ఇంట్లోవాళ్లను భయపెడుతుంది. కాబట్టి ముందుగా ఫిల్టర్ కింద అల్యూమినియం ఫాయిల్‌ను దోనెలా మడిచి, ఆయిల్ టబ్బులో పడేలా ఒక దారి చేయాలి. తర్వాత ఫిల్టర్‌ను పావు చుట్టు మాత్రం తిప్పి వదిలేయాలి. కారేది కారి ఆగాక, దాని మీద మందపాటి పాలిథిన్ సంచి తొడిగి, సంచితో కలిపి తిప్పి తీస్తే ఫిల్టర్ సంచిలోకే వచ్చి పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో ఫిల్టర్‌ను పొడిచి తిప్పే పద్ధతి షెడ్లలో చూస్తుంటాం. బిగుసుకుపోయి వేరే దారి లేనప్పుడు తప్ప ఇంట్లో అది వద్దు, పొడిచిన చోటల్లా ఒక ధార పుడుతుంది.

పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు వాషర్ దానితోనే వచ్చిందా, ఇంజనుకే అతుక్కుని ఉండిపోయిందా అన్నది వేలితో తడిమి చూడాలి. ఉండిపోయిన రబ్బరు మీద కొత్త రబ్బరు కూర్చుంటే, ఇంజను స్టార్టు చేసిన కాసేపటికే ఒత్తిడికి అవి తప్పుకుని మొత్తం కొత్త ఆయిల్‌ను ముంగిట్లో కుమ్మరిస్తాయి. కొత్త ఫిల్టర్ రబ్బరుకు కాస్త కొత్త ఆయిల్ రాసి, రబ్బరు తగిలేదాకా తిప్పి, అక్కడి నుంచి ఫిల్టర్ మీద రాసినంత, సాధారణంగా ముప్పావు చుట్టు, చేత్తోనే బిగించాలి. డ్రైన్ బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషర్ వేయాలి. అల్యూమినియం ఛాంబర్ మరలు బలవంతానికి ఓర్చుకోవు. బలం చూపించి బిగిస్తే మరలు పోతాయి, అప్పుడు లేత్ వర్కు దాకా పోవలసి వస్తుంది. కారు పుస్తకంలో చెప్పినంతే బిగించడానికి టార్కు పానా ఉంటే మేలు. కింద ప్లాస్టిక్ తొడుగు ఉన్న కార్లలో దాన్ని తిరిగి బిగించేముందు గుడ్డతో తుడవాలి. తుడవకపోతే అందులో నిలిచిన ఆయిల్ రోజుల తరబడి చుక్కచుక్కగా కారుతూ, అసలు లేని లీకేజీని వెతికిస్తుంది.

కొత్త ఆయిల్ పోయడం తేలిక. పొడవాటి మూతి ఉన్న గరాటు చాలు. పుస్తకంలో చెప్పిన దానికన్నా కాస్త తక్కువ పోసి, ఒక నిమిషం ఇంజను నడిపి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి గేజీ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) తీసి చూసి, రెండు గీతల మధ్య పై గీతకు దగ్గరగా వచ్చేలా కొద్దికొద్దిగా కలపాలి. పై గీత దాటి పోస్తే ఇంజను లోపల తిరిగే క్రాంక్ ఇరుసు దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ పట్టిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

ఇదంతా ఎందుకు, గేజీ గొట్టంలోంచి పంపుతో ఆయిల్‌ను పైకి లాగేస్తే కారు కిందికి పోయే పనే ఉండదు కదా అని ఇప్పుడు చాలామంది అంటున్నారు. మా వీధి చివర షెడ్డు నడిపే భాయ్‌ని అడిగితే, "కిందినుంచి తీస్తేనే మొత్తం దిగుతాది సార్, పైనుంచి గుంజితే అడుగున మడ్డి అట్లనే ఉంటాది" అన్నాడు. ఆయన అనుభవాన్ని గౌరవిస్తూనే నేను పూర్తిగా ఒప్పుకోను. మెర్సిడెస్ లాంటి కార్లకు పైనుంచి లాగే పద్ధతి ఎంతోకాలంగా ఉంది. వేళకు మార్చే ఇంజనులో మడ్డి పేరుకోవడం తక్కువ. ఆయిల్ నేరుగా పంపు డబ్బాలోకే పోతుంది కాబట్టి నేల తడిసే అవకాశం కూడా చాలా తక్కువ. కాని రెండు చిక్కులున్నాయి. గొట్టం ఛాంబర్ అడుగుదాకా పోని ఇంజన్లలో కొంత మిగిలిపోతుంది. ఫిల్టర్ కిందివైపున ఉండే కార్లలో ఎలాగూ కిందికి దూరవలసిందే, అప్పుడు పంపు మిగిల్చిన శ్రమ ఏమీ లేదు. ఫిల్టర్ పైనుంచే అందే కారు అయితే పంపే మేలని నేను చెబుతాను. భాయ్‌తో ఈ విషయంలో నాకు ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది.

అందరూ తేలికగా తీసుకునేదీ, నిజానికి ఎక్కువ ఒలికేదీ టబ్బులోంచి డబ్బాలోకి పోసేటప్పుడు. బోల్టు దగ్గర అంత జాగ్రత్తగా ఉన్న మనిషి, పని అయిపోయిందన్న నిబ్బరంతో ఇక్కడ తొందరపడతాడు. డబ్బాను ఇంకో ఖాళీ టబ్బులో నిలబెట్టి, గరాటును ఒకరు పట్టుకుంటే మరొకరు టబ్బు మూలను వంచి నిదానంగా పోయాలి. ఇది ఇద్దరి పని. పోసేది కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే కావాలి. ఇంట్లో ఉన్న మంచినూనె డబ్బానో, నీళ్ల సీసానో తీసుకోవద్దు. పిల్లలున్న ఇంట్లో అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. కూలెంట్, పెట్రోలు, బ్రేకు ఆయిల్ ఉండిన డబ్బాలు కూడా పనికిరావు, వాటితో కలిసిన పాత ఆయిల్‌ను తిరిగి శుద్ధి చేయడం కష్టమవుతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పాత ఆయిల్ అని రాసి, మూత బిగించి, ఎండ తగలని చోట పెట్టాలి. ఫిల్టర్‌ను తలకిందులుగా గరాటు మీద ఒక రాత్రంతా ఉంచితే అందులో మిగిలినది కూడా దిగుతుంది.

ఇంత చేసినా ఎక్కడో నాపరాయి మీద ఒక మరక పడవచ్చు. అప్పుడు నీళ్లు పోయకూడదు, నీళ్లు పోస్తే మరక పోదు, వ్యాపిస్తుంది. నాపరాయి కూడా సున్నపురాయే. ఆయిల్‌ను లోపలికి పీల్చుకుంటుంది. ఇంట్లో ఎప్పుడూ ఉండే ముగ్గుపిండిని మరక మీద మందంగా పోసి, ఇటుక ముక్కతో గుండ్రంగా రుద్ది, రాత్రంతా వదిలేస్తే పిండి నల్లబడుతుంది. దాన్ని ఎత్తి, మళ్లీ కొత్త పిండి వేయాలి. పిండి తెల్లగానే నిలిచేదాకా ఇలా చేశాక, మిగిలిన జిడ్డును డిటర్జెంటు పొడి చల్లి, తడి బ్రష్షుతో రుద్ది, కడగకుండా గుడ్డతో అద్ది తీయాలి. నల్లబడిన పిండి, తడిసిన పొట్టు, గుడ్డలు అన్నీ ఒకే సంచిలో పోవాలి. వాటిని చెత్తకుప్పలో వేసి తగలబెట్టడం, మా వీధుల్లో అలవాటుగా జరిగే పని, ఒలికిన ఆయిల్ కన్నా పెద్ద తప్పు.

ఇక మొదట అడిగిన ప్రశ్న. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే అది చేరాలి. 2023లో వాటికి చేసిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆయిల్ తయారుచేసేవారూ దిగుమతి చేసుకునేవారూ వాడిన ఆయిల్‌ను తిరిగి శుద్ధి చేయించే బాధ్యతలో పాలుపంచుకోవాలని అది చెబుతుంది. చట్టం దిశ సరైనదే. కాని ఇంట్లో మూడు లీటర్లు తీసిన మనిషి దాన్ని ఎక్కడ ఇవ్వాలో చెప్పే బోర్డు మా ఊరి వీధుల్లో నాకు ఎక్కడా కనిపించలేదు. చెత్తబండి తడి, పొడి చెత్త తీసుకుంటుంది. ఆయిల్ డబ్బా చూపిస్తే ఆ మనిషికి ఏం చేయాలో తెలియదు, అందులో ఆయన తప్పేమీ లేదు. ఆయిల్ అమ్మే ప్రతి దుకాణం పాత ఆయిల్‌ను వెనక్కి తీసుకుని తీరాలని నేను కోరుతున్నాను. కొత్త డబ్బా అమ్మిన చోటే పాత డబ్బా పెట్టడానికి ఒక డ్రమ్ము ఉండటం పెద్ద ఖర్చు కాదు.

అది వచ్చేదాకా మనకున్న దారి షెడ్డే. పెద్ద షెడ్లలో పాత ఆయిల్‌ను 200 లీటర్ల డ్రమ్ముల్లో పట్టి, నిండాక అమ్ముతారు. కొనేవాళ్లందరూ ఒకటి కాదు. శుద్ధికి పంపేవాళ్లున్నారు, బట్టీల్లో మండించడానికి కొనేవాళ్లూ ఉన్నారు. కాబట్టి డబ్బా ఇచ్చేముందు ఎవరికి అమ్ముతారని అడగాలి. నేను అడిగినప్పుడు భాయ్ మొదట నవ్వాడు, తర్వాత తాను అమ్మే మనిషి దగ్గర అనుమతి కాగితం ఉందో లేదో అడిగి చెబుతానన్నాడు, చెప్పాడు. అడిగేవాళ్లు పదిమంది అయితే ఆ కాగితం గోడకు వేలాడుతుంది. వడకట్టిన ఫిల్టర్‌ను, జిడ్డు సంచిని కూడా ఆయనకే ఇస్తాను, ఇచ్చినందుకు ఆయన ఏదైనా అడిగితే కాదనకుండా ఇస్తాను.

అపార్టుమెంట్లలో ఉండేవారు, అద్దె ఇంటి ముంగిట్లో కారు నిలిపేవారు ఈ పనిని తమ పార్కింగులో పెట్టుకోవద్దు. ఒలికితే అది పదిమంది నడిచే చోటు, కింద అందరి నీటి సంపు ఉంటుంది. పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్, ఫిల్టర్, వాషర్ తామే కొనుక్కుని, డ్రమ్ము ఉన్న షెడ్డుకు తీసుకుపోయి, పక్కన నిలబడి మార్పించుకుంటే ఇంట్లో చేసుకున్న నిశ్చింతలో ముప్పాతిక వస్తుంది. ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాను మాత్రం అక్కడ అలాగే వదలవద్దు. మంచి కంపెనీ డబ్బాలో నాసి ఆయిల్ నింపి అమ్మేవారు ఉంటారు కాబట్టి, మూత విరిచి, అడుగున మేకుతో రెండు రంధ్రాలు పొడిచి ఇవ్వండి.